శ్రీయుత పొట్టి లింకు గారికి, నల్లగొండ నుంచి

అయ్యా,

దండాలు. మీ క్షేమం అడగను. నా వార్తల గడప మీద కూసున్న మీకు క్షేమానికేం తక్కువ?

మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల మీద రాసింది నేను. ఊళ్లు తిరిగింది నేను, తిట్ల ఫోన్లు ఎత్తేదీ నేనే. ఆ వార్త పొడుగు వెబ్ చిరునామాను మీరు పొట్టిగ చేస్తరు గద, జనంలోకి పోయేటప్పుడు మాత్రం ముందర మీ పేరు, వెనక నాలుగు అర్థంపర్థం లేని అక్షరాలు! పాఠకుడు నొక్కంగనే ముందుగాల మీ సర్వర్‌కే వస్తడు. ఏ ఊరోడు, ఏ ఫోనోడు అని మీరు రాసుకున్నంకనే నా దిక్కు తోలుతరు. బత్తాయి దళారి నయం, మొహం చూపెట్టి తరుగు తీస్తడు.

పాఠకుణ్ని నా దిక్కు తోలేటప్పుడు మీ సర్వర్ చెప్పే నంబరు 301 అంటే చిరునామా శాశ్వతంగా మారిందని అర్థమట. శాశ్వతం! గూగుల్ వాళ్ల పొట్టి లింకుల సేవ, మీ గూ.జీఎల్ (goo.gl) అన్నగారు 2009లో పుట్టిండు, 2019లో కొత్త లింకులు ఇచ్చుడు బంద్ పెట్టిండు. 2025 ఆగస్టు 25 నుంచి పాతవి కూడా పనిచేయవని ముందటేడే దండోరా వేయించిండు. తీరా ఆ ఆగస్టు వచ్చినంక మాట మార్చి, ఎవరూ నొక్కనివే పోతయి, తక్కినవి ఉంటయన్నడు. అంటే నా వార్త నా సర్వర్ల బతికే ఉంటది, దాని కాడికి బాటనే ఉండదు. ఎవరూ నొక్కని పాత వార్తతోని ఏం పని అంటరేమో. భూమి పంచాయితీల కోర్టు మెట్లెక్కే రైతును అడగండి.

ఇంకో పొట్టి లింకుల సేవ, మీ బిట్.ఎల్‌వై (bit.ly) తమ్ముని ఇంటిపేరు, అదే చివర ఉండే .ఎల్‌వై, లిబియా దేశానిది. 2010లో అక్కడి అధికారులు తమ చట్టానికి సరిపడలేదని వీబీ.ఎల్‌వై అనే పొట్టి లింకుల సైటును గుంజుకున్నరు. మర్రిగూడ నీళ్ల ముచ్చట మర్రిగూడకు చేరాలన్నా లిబియా దయ ఉండాలె.

ఇగ ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) వాళ్ల పొట్టి లింకు టీ.కో (t.co) గారు. 2023 ఆగస్టులో రాయిటర్స్, న్యూయార్క్ టైమ్స్ లింకులు నొక్కినోళ్లను దాదాపు 5 సెకన్లు గుమ్మంల నిలబెట్టిండు. వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టినంకనే ఆ ఆలస్యం తగ్గుముఖం పట్టింది. అంత పెద్ద పత్రికలకే ఆ మర్యాదైతే, గడియారం సెంటర్ కాడ రెండు కుర్చీల ఆఫీసును మీరు ఎంతసేపు నిలబెట్టినా అడిగేటోడెవడు?

ఇకనుంచి పొట్టి లింకు కావాల్నంటే నా డొమైన్ మీదనే నేను చేసుకుంట. పాతవాటికి మాత్రం ఒక్క విన్నపం. మర్రిగూడ వార్తను మర్రిగూడల ఎందరు చదివిండ్రో మీ దగ్గర లెక్క ఉన్నది, నా దగ్గర లేదు. ఆ కాగితం ఈ చిరునామాకు పంపండి. పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంట.

ఇట్లు,
రెండు కుర్చీల సంపాదకుడు