బొంతకు ప్రమోషన్

పోయిన ఆదివారం బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి వెళితే మా అమ్మకు తన బొంత కనబడింది. అచ్చంగా తనది కాదులెండి, దాని తోబుట్టువు. పాత చీరలు మడతల మీద మడతలు పరిచి, పొడుగ్గా కుట్లు వేసిందే. అనంతపురంలో అలాంటిదాని మీద పిల్లి పడుకున్నా ఎవరూ అదిలించరు. ఇక్కడ మాత్రం హ్యాంగర్‌కి వేలాడుతూ, మెడలో 4,800 రూపాయల చీటీతో ఉంది.

"ఎవురివమ్మా ఈ పాత చీరలు?" అంది అమ్మ.

"పాతవి కాదాంటీ, అప్‌సైకిల్డ్" అంది స్టాల్ అమ్మాయి, ఏమాత్రం తొణక్కుండా. బెంగళూరు కదా, తెలుగులోనే అంది.

4,800 పలికే మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం పౌరుడిగా నా బాధ్యత అనిపించింది.

ముందు దీని పెద్దన్న రీసైకిల్ సంగతి. ఈరోజు ఎంత పచ్చగా కనిపిస్తున్నా, ఆ మాట 1920లలో చమురు శుద్ధి కర్మాగారాల్లో పెరిగింది. సగం శుద్ధయిన నూనెను మళ్ళీ అదే యంత్రంలోకి పంపడాన్ని అలా అనేవారు. చెత్తబుట్ట ఎక్కింది చాలా ఏళ్ళ తర్వాత. ఒకదాన్నొకటి తరుముకునే మూడు బాణాల గుర్తు 1970లో ఒక పోటీ కోసం గ్యారీ ఆండర్సన్ అనే అమెరికా విద్యార్థి గీసింది. ఇక వంశం చూస్తే, ముందున్న 'రీ' లాటిన్, వెనకున్న సైకిల్ గ్రీకువాళ్ళ 'కుక్లోస్', అంటే చక్రం. ఈ కుక్లోస్, సంస్కృత చక్రం ఒకే తల్లి బిడ్డలని భాషావేత్తలు చెబుతారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం అది మన దగ్గర కొట్టేసిన మాటేనని ఏకగ్రీవంగా తేలిపోయింది. నేను నోరెత్తలేదు, మెయింటెనెన్స్ బాకీ ఉంది.

అప్‌సైక్లింగ్ గొడవ వేరు. 1994లో రైనర్ పిల్జ్ అనే జర్మన్ ఇంజనీరు, పాత కట్టడాల సామాను మీద నడిచే 'సాల్వో' అనే బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ విసుక్కున్నాడు. మంచి ఇటుకల్ని పగలగొట్టి దాన్ని రీసైక్లింగ్ అంటారేమిటి, అది డౌన్‌సైక్లింగ్, మనకు కావలసింది పాత వస్తువుకు విలువ పెంచే అప్‌సైక్లింగ్ అని ఆయన వాదన. న్యాయమైన మాటే. కాకపోతే ఆయన విలువ అన్నది స్టాళ్ళదాకా వచ్చేసరికి ధర అని వినిపించింది.

ఈ కొలతతో మా ఇంటిని ఆడిట్ చేశాను. నైటీ మసిగుడ్డ కావడం డౌన్. నాన్న బనియన్ స్కూటర్ తుడిచే గుడ్డ కావడం పైకి డౌనే గానీ, ఒంటి మీద ఉన్నప్పుడు దాని చిల్లులు చూసినవాళ్ళెవరైనా అప్ అంటారు. హార్లిక్స్ సీసాలోకి ఆవకాయ రావడం నిస్సందేహంగా అప్. రాత్రి మిగిలిన ఇడ్లీలు పొద్దున ఉప్మాగా మారడం దగ్గర ఆడిట్ ఆగిపోయింది. అమ్మ అప్ అంటుంది, మా ఆవిడ డౌన్ అంటుంది. తినేది నేను కాబట్టి తటస్థంగా ఉన్నాను.

స్టాల్లో వర్క్‌షాప్ కూడా ఉందట. ఫీజు 1,500, పాత చీరలు మనమే తెచ్చుకోవాలి.

"చీరలు మనవే, కుట్టేది మనమే, దుడ్లు గూడా మనమే ఇయ్యాల్నా?" అంది అమ్మ. ఆ అమ్మాయి నవ్వి బ్రోషర్ ఇచ్చింది.

ఈలోపు మా ఆవిడ బొంత కొనేసింది. ఇంటికి రాగానే అమ్మ దాని వంక చూడనైనా లేదు. అది వచ్చిన ఖాకీ కాగితపు సంచిని మాత్రం నలగకుండా మడిచి, పరుపు కింద పెట్టింది.