గోడ లేని గోడకుర్చీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కీబాదాచి గారికి,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మోకాళ్ళు తప్ప అందరం క్షేమం.

మీరు నన్ను గుర్తుపట్టి ఉండరు. నేను మాత్రం మొదటిరోజే పట్టేశాను. కరాటే క్లాసులో మాస్టర్ ‘కీబాదాచి’ అని అరిచినప్పుడు కాదు, ఆ తర్వాత ఇరవై సెకన్లకి తొడల్లో మంట అంటుకున్నప్పుడు. ఓరి నీ, ఇది మన గోడకుర్చీ! అప్పట్లో ‘నువ్వు’ అనేవాణ్ణి. ఇప్పుడు జపాను పేరు పెట్టుకుని, నెలకి 1,500 రూపాయలు పుచ్చుకుంటున్నారు కాబట్టి ‘మీరు’ అనక తప్పదు.

మన పాత పరిచయం గుర్తుచేస్తాను. తెనాలి, 1991, ఏడో తరగతి. పదిహేడో ఎక్కం దగ్గర ఆగిపోయినవాడు, హోంవర్కు పుస్తకం ఇంట్లో మర్చిపోయినవాడు, మర్చిపోయానని చెప్పి అసలు రాయనివాడు, అందరం క్లాసు వెనక గోడకి వీపు ఆనించి లేని కుర్చీలో కూర్చునేవాళ్ళం. లేచేసరికి చొక్కా వెనకంతా సున్నం. ఇంటికెళితే అమ్మ ఏమీ అడగక్కర్లేదు, ఒకసారి వెనక్కి తిరగమంటే చాలు. అయితేనేం, మీ సేవ పూర్తిగా ఉచితం. గోడ కూడా స్కూలువాళ్ళే ఇచ్చేవాళ్ళు.

ఇప్పుడో? కూకట్‌పల్లిలో మా కాలనీ పార్కు, తెల్లవారుజామున ఐదున్నర. కాళ్ళు భుజాలకి రెండింతల వెడల్పు పెట్టాలి. పాదాలు తిన్నగా ముందుకి చూడాలి, మోకాళ్ళు బయటికి తొయ్యాలి, నడుము నిటారుగా ఉండాలి, బరువు రెండు కాళ్ళమీదా సమానంగా పడాలి. గుర్రం ఎక్కినట్టన్నమాట. గుర్రం ఎటూ లేదు. గోడ కూడా తీసేశారు. గోడ తీసేసి ఫీజు పెట్టడమే ముప్పై ఏళ్ళలో మీరు సాధించిన అభివృద్ధి.

నేను చేరింది నాకోసం కాదు. తొమ్మిదేళ్ళ మావాడు ఏడాదిగా వెళ్తున్నాడు. పిల్లల్ని దింపి, బెంచీమీద కూర్చుని ఫోను చూసుకునే తండ్రుల్లో నేనొకణ్ణి. ఒకరోజు మాస్టర్ నా పొట్టవైపు చూసి, “ఎలాగూ కూర్చుంటున్నారు గదా సార్, అక్కడెందుకు, ఇక్కడ కూర్చోండి” అన్నాడు. ఇక్కడ అంటే మీమీదే. పరువుకి పోయి సరేనన్నాను.

కరాటేలో వరస వయసునిబట్టి ఉండదు, బెల్టునిబట్టి ఉంటుంది. మావాడిది ఆరెంజ్, నాది తెల్లది. వాడు ముందు వరసలో, నేను చివర్లో, నా పక్కన ఇంకా పాలపళ్ళు ఊడని ఒక పిల్లకాయ. లెక్క జపనీస్‌లో. ఇచి, ని, సాన్, షి... ఎనిమిదికి ‘హచి’ అనగానే మా పిల్లకాయ రోజూ తుమ్మినట్టు నటిస్తాడు. నవ్వితే మనం కూలిపోతాం, వాడు కూలడు. మావాడు ముందు వరసలోంచి తల తిప్పి, “నాన్నా, ఇంకా కిందకి” అంటాడు. ‘సరిగ్గా కూర్చుని చదవరా’ అని ఇంట్లో నేను వాడికి చెప్పినవన్నీ ఐదున్నరకల్లా నాకు తిరిగొస్తున్నాయి.

మీ పనితనాన్ని కాదనను. బిగుసుకున్న కండ తన రక్తనాళాల్ని తనే నొక్కేసుకుంటుంది. పరిగెత్తేవాడి కండ బిగుస్తూ వదులవుతూ పంపులా రక్తాన్ని ఆడిస్తుంది. మీ దగ్గర ఆ వదులు లేదు, అందుకే మంట. దానికితోడు ఊపిరి బిగపట్టామో, బీపీ అక్కడికక్కడే ఎగబాకుతుంది. “ఊపిరి వదలండి సార్!” అని మాస్టర్ అరుస్తాడు. వదిలితే అదే ఆఖరిదేమోనని నా భయం. మీ తర్వాత తీయించే యాభై బస్కీల సంగతి వేరు. వాటి నొప్పి ఆ రోజు రాదు. మర్నాడు మొదలై మూడోనాటికి పండుతుంది, సరిగ్గా ఆఫీసులో లిఫ్టు చెడిపోయిన రోజుకి. ఎక్కడం ఎలాగో ఎక్కాను. దిగేటప్పుడు మాత్రం మూడంతస్తులూ కమ్మీ పట్టుకుని వెనక్కి నడుస్తూ దిగాను. మా మేనేజర్ దారిచ్చాడు, ఏమీ అడగలేదు.

మీ వంశచరిత్ర కూడా చదివాను. జపాను దీవి ఒకినావాలో ఇటోసు అంకో అనే పెద్దాయన 1900ల తొలి ఏళ్ళలో కరాటేని బడిపిల్లల వ్యాయామంగా పెట్టించాడు. 1922లో దాన్ని టోక్యోలో ప్రదర్శించిన ఫునకోషి గిచిన్ కూడా బడిపంతులే. అంటే మిమ్మల్ని బడిలోకి తెచ్చింది అక్కడా పంతుళ్ళే, ఇక్కడా పంతుళ్ళే. మావాళ్ళ చేతిలో అదనంగా బెత్తం ఉండేది, అంతే. చివరికి 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌తో బడిలో పిల్లల్ని శారీరకంగా దండించడం నిషేధమైంది. మంచిపనే జరిగింది. ఆ గోడ దగ్గర ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, అందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు. మీరు మాత్రం బడి గేటులోంచి బయటికొచ్చి, నిక్షేపంగా పార్కు గేటులోంచి లోపలికొచ్చేశారు.

ఫునకోషి మూడు టెక్కీ కటాలమీద పదేళ్ళు గడిపానని చెప్పుకున్నాడు. కటా అంటే వరస తప్పకుండా చేసే అడుగుల, దెబ్బల కూర్పు. టెక్కీ అంటే ఇనపగుర్రం. మొదటినుంచి చివరిదాకా మీమీదే కూర్చుని పక్కలకి జరగడమే, ఎండ్రకాయలాగ. మా క్లబ్బులో పదేళ్ళంటే కుదరదు. మూడు నెలలకో గ్రేడింగు. దానికో ఫీజు, బెల్టుకో ఫీజు, సర్టిఫికెట్ లామినేషన్‌కి మరో ఫీజు. 1924లో ఫునకోషి జూడోవాళ్ళ దగ్గర నల్లబెల్టు పద్ధతి తెచ్చుకున్నప్పుడు, దానికి ఇన్ని రంగుల చెల్లెళ్ళు పుడతారని అనుకుని ఉండడు. వార్షికోత్సవానికి పిల్లలు బెంగుళూరు పెంకులు పగలగొడతారు. తెల్లారి జిల్లా పేజీలో ఫొటో: ‘కరాటేలో సత్తా చాటిన చిన్నారులు’. మీమీద రెండు నిమిషాలు నిలిచినవాడి ఫొటో మాత్రం ఏ పేపర్లోనూ చూడలేదు. వేస్తే ఏముంది, బస్సుకోసం చూస్తున్నాడనుకుంటారు.

ఇంతలో 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. 270 ప్రయోగాలు, 15,827 మంది లెక్కలు కలిపి చూశారట. రక్తపోటు తగ్గించడంలో కదలకుండా కండ బిగించే వ్యాయామాలు నడకనీ పరుగునీ మించిపోయాయట. వాటిలో బీపీ పై అంకె దించడానికి అన్నిటికన్నా పనికొచ్చింది ఏదయ్యా అంటే, గోడకుర్చీ! అది చదివి పేపరు మడిచి కాసేపు అలాగే కూర్చుండిపోయాను, కుర్చీలోనే. మా లెక్కల మాస్టారు ఈ ప్రయోగం 1991లోనే చేశారు. కాకపోతే కూర్చున్నది మేము, బీపీ దిగింది ఆయనకి.

ఆయన మొన్న ఒక పెళ్ళిలో కనిపించారు. ఎనభై దాటారు. దణ్ణం పెట్టాను.

“ఏరా, ఏం చేస్తున్నావు?”

“కరాటే నేర్చుకుంటున్నానండీ.”

“ఈ వయసులోనా? ఏం నేర్పుతారేమిటి?”

ఆయన దగ్గర అబద్ధం ఆడే అలవాటు ఇంకా రాలేదు. “గోడకుర్చీ అండీ. గోడ లేకుండా.”

“నెలకెంత?”

చెప్పాను. ఐస్‌క్రీము కప్పు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. నోటిలెక్క ఇంకా పోలేదు.

“మీ సెక్షన్లో నలభై రెండు మంది. మూడేళ్ళు. ఇరవై రెండు లక్షల అరవై ఎనిమిది వేలు” అన్నారు కళ్ళు తెరిచి. “వడ్డీ వదిలేస్తాలే.”

ఆ బిల్లు మీ పేర పంపిస్తున్నాను. గోడ అద్దె స్కూలుకి విడిగా కట్టాలిట.

ఇట్లు,
తెల్లబెల్టు,
చివరి వరస, ఎడమనుంచి రెండు