ఆగుమంటే ఎప్పటిదాకా? ఒక కబడ్డీ చీలమండ మీద వాదోపవాదం

వాదానికొచ్చిన కాలు ఇది. 23 ఏండ్ల కబడ్డీ రైడర్, కుడి చీలమండ. పదకొండు నెలల కింద బోనస్ లైను దగ్గర కార్నర్ ఆటగాడు కాలు పట్టినప్పుడు పాదం లోపలికి మడిగింది. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు మడిగింది. ఆఖరిసారి ఆటలో కూడా కాదు, మహబూబ్‌నగర్ బస్టాండులో మెట్టు దిగుతుంటే. చీలమండ బయటివైపు ముందరి లిగమెంటు ఏటీఎఫ్‌ఎల్ పూర్తిగా తెగిందని, దాని పక్కనున్న సీఎఫ్‌ఎల్ సాగిందని ఎంఆర్‌ఐ రిపోర్టు. పిల్లగాడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పోలీసు కొలువుకు పెట్టే ఉరుకుడు, ఎగురుడు పరీక్షలకు కూడా తయారవుతున్నడు. చిత్రమేందంటే, ఆపరేషన్ చెయ్యాలనేది ఫిజియోథెరపిస్టు, వద్దనేది సర్జన్.

సర్జన్: కసరత్తు చేయించే మీరే కత్తి అంటున్నరు, కత్తి పట్టే నేను వద్దంటున్న. విన్నోళ్ళు నవ్వుతరు అక్కా.

ఫిజియో: నవ్వనీయండి డాక్టర్ సాబ్. నా దగ్గరున్న మందు అయిపోయిందని చెప్పుడు కూడా నా పనే.

సర్జన్: "కంప్లీట్ టేర్" అన్న మాట చూసి బెదిరిండ్రా మీరు కూడా? లిగమెంటు తెగినోళ్ళల్ల చాలామంది కత్తి లేకుండనే మళ్ళా ఆటకు పోతరు. కాలు పట్టు తప్పుడు రెండు తీర్లు. లిగమెంటు వదులై కీలు నిజంగనే జారుడు ఒకటి. కీలు గట్టిగనే ఉన్నా, బయటివైపు పెరోనియల్ కండరాలు ఆలస్యంగ అందుకొని పాదం పడిపోవుడు ఇంకొకటి. రెండోదానికి నేను కుట్టేదేమీ లేదు.

ఫిజియో: అందుకే కాగితం పక్కన పెట్టి చేత్తో చూసిన. మోకాలు వంచి, పాదం కొద్దిగ కిందికి వాల్చి, ఒక చేత్తో ముంగాలు పట్టి ఇంకో చేత్తో మడమను ముందుకు గుంజితే, బయటి గుబ్బ ఎముక ముందర చర్మం గుంటపడ్డది. ఎడమ కాలుకు పడలేదు. దెబ్బ తాకిన రోజు ఈ పరీక్ష చేస్తే నమ్మొద్దు, వాపుకు, నొప్పికి కండరాలు బిగుసుకుంటయ్. నాలుగైదు రోజులాగి చేస్తే తెలుస్తది. ఇక్కడ పదకొండు నెలలైంది.

సర్జన్: చెయ్యి చెప్పింది నాకు చాలదు. స్ట్రెస్ ఎక్స్‌రే, అంటే కీలును గుంజి పట్టి తీసే ఎక్స్‌రే కావాలె, అది కూడా రెండు కాళ్ళకు. ముందుకు జారుడులో 5 మి.మీ., పక్కకు వంగుడులో 5 డిగ్రీలు తేడా వస్తే అప్పుడు మాట్లాడుదాం. కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులుంటయ్. బొటనవేలు వంచితే ముంజేతికి తాకుతదా, మోచేయి వెనక్కి పోతదా చూసిండ్రా? అట్లాంటోళ్ళకు సొంత లిగమెంటునే బిగించి కుడితే మళ్ళా సాగుతది.

ఫిజియో: చూసిన. బొటనవేలు తాకదు, మోచేయి పోదు.

సర్జన్: మడమ? ఎదురుంగ నిలవెడితే మడమ లోపలి అంచు కనవడుతుందా?

ఫిజియో: కనవడదు. వెనకనుంచి చూస్తే కూడా నిటారుగనే ఉంది.

సర్జన్: అది మంచిమాట. మడమ లోపలికి వాలి ఉన్నోనికి లిగమెంటు ఒక్కటే కుడితే, అడుగు అడుగుకూ ఆ కుట్టు మీదనే బరువు పడుతది. ఆపరేషన్ ఫెయిలైందని వచ్చే కాళ్ళల్ల చూడకుండ వదిలేసేది ఇదే. మడమ ఎముక కోసి జరపాల్సిన చోట దారం కట్టి పంపిస్తరు. సరే, ఇగ కసరత్తు సంగతి. "ఆరు వారాల ఫిజియో అయింది" అని చీటీ తెచ్చేటోళ్ళల్ల సగంమందికి అయిందేందంటే కరెంటు పెట్టించుకునుడు, మైనం కాపుడు.

ఫిజియో: ఆ మాటకు నాకు కోపమొస్తది గని, అబద్ధం కాదు. ఈ పిల్లగానికి 14 వారాలైంది, ఒక్కనాడు కూడా మిషను పెట్టలేదు. సైకిల్ ట్యూబు ముక్క కాలికి చుట్టి పాదం బయటికి తోసుడు, 15 చొప్పున మూడుసార్లు. ఒంటికాలి మీద మడమ లేపుడు, మొదట్ల ఎనిమిదికే ఆగిండు, ఇప్పుడు 25 చేస్తడు. మడతపెట్టిన బొంత మీద ఒంటికాలితో కళ్ళు మూసుకొని 30 సెకన్లు నిలవడుతడు. బలం రెండు కాళ్ళకూ సమానమైంది. అయినా మెట్టు దిగుతుంటే మడిగింది. బలం వచ్చినంక కూడా జారుతుందంటే కండరం తప్పెట్లయితది?

సర్జన్: బొంత మీద నిలవడుడు సరే. రైడర్ చేసేదేంది? ఎదుటి కోర్టుల ముందుకు ఉరికి, ఎవడో కాలు పడితే వెనక్కి తిరిగి గుంజుకుంటడు. ఒంటికాలితో పక్కకు గెంతి దిగుడు, వెనక్కి తిరిగి ఆగుడు, ఎనిమిది అంకె ఆకారంల ఉరుకుడు, ఇవి చేయించిండ్రా?

ఫిజియో: ముందుకు గెంతుడు చేయించిన. పక్కకు, వెనక్కి చేయించలేదు.

సర్జన్: ప్రాక్టీసుల లేసులు కట్టే బ్రేస్ వేసుకున్నడా?

ఫిజియో: కొనుక్కున్నడు. చెమట పడుతదని ఇంట్లనే పెట్టిండు. సరే, ఈ రెండూ నా లెక్కల రాసుకోండి. కానీ మీరు కూడా ఒకటి ఒప్పుకోవాలె. కాలు మడిగినప్పుడల్లా లిగమెంటు ఒక్కటే కాదు, లోపల టేలస్ అనే చీలమండ కీలు ఎముక మీది మృదులాస్థి దెబ్బ తింటది. లిగమెంటును కుట్టొచ్చు, ఆ నున్నటి పొర పోతే అసలుది మళ్ళా రాదు. మీరు చిన్న రంధ్రాలు చేసి రక్తం రప్పిస్తరు, దాని మీద మొలిచేది గరుకు పొర. "ఆగు" అన్నప్పుడల్లా ఆ ఖర్చు ఎవరి ఖాతాల పడుతుందో చెప్పండి.

సర్జన్: ఒప్పుకుంట. ఆగుడు పుణ్యానికి రాదు. కానీ తొందరపడితే వచ్చే లాభం కూడా తక్కువే. తాజా దెబ్బకు వెంటనే కుట్టిన కాలూ, కసరత్తు చేసి ఫెయిలైనంక కుట్టిన కాలూ చివరికి దాదాపు ఒకే తీరుగ ఉంటయ్. అందుకే మొదటి బెణుకుకే టేబులెక్కించే డాక్టరును నేను నమ్మను. లోపల ఏదో అడ్డంపడ్డట్టు కీలు పట్టేస్తే, ఆటలేని నాడు కూడా లోతుల నొప్పి ఉంటే అది వేరే లెక్క, అప్పుడు నేనే ముందు పోత. ఇంకోటి. నల్లగొండ దిక్కు మర్రిగూడ, నాంపల్లి ఫ్లోరైడ్ ఊళ్ళల్ల పెద్దోళ్ళకు లిగమెంట్లు సున్నం పట్టి కీళ్ళు బిగుసుకపోయినయ్. ఆ చీలమండ నొప్పికి కారణం కదలకపోవుడు. దాన్ని బిగించే ఆపరేషన్ చేస్తే ఉల్టా అయితది. నొప్పి అనంగనే లిగమెంటు అనుకోవద్దని చెప్తున్న.

ఫిజియో: ఈ పిల్లగానిది వదులే, బిగుసుకపోలేదు. ఒకవేళ చేస్తే ఏం చేస్తరో ఇంట్లోళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పండి. వాళ్ళు రాడ్ వేస్తరనుకుంటున్నరు.

సర్జన్: రాడ్ లేదు, ప్లేట్ లేదు. దీన్ని బ్రోస్ట్రోమ్ ఆపరేషన్ అంటరు. స్వీడన్ డాక్టరు బ్రోస్ట్రోమ్ 1966లో రాసిండు, 1980లో గౌల్డ్ దానికి ఇంకో పొర కలిపిండు. నడుముకు మత్తు సూది, తొడకు టోర్నికే పట్టీ, కోతకు ముందు గంటలోపల యాంటీబయోటిక్. మొదట రెండు చిన్న రంధ్రాలల్లకెళ్ళి కెమెరా పెట్టి మృదులాస్థి చూస్తం. ఎంఆర్‌ఐకి దొరకని దెబ్బ అక్కడ కనవడొచ్చు. తర్వాత బయటి గుబ్బ ఎముక ముందర 4, 5 సెంటీమీటర్ల వంపు కోత. సాగిన లిగమెంటును ఎముక మీదికెళ్ళి వదిలించి, ఎముకల రెండు చిన్న యాంకర్లు, అంటే దారమున్న మేకులసొంటివి దించి, వాటి దారాలతో లిగమెంటును గుంజి కడుతం. కట్టేటప్పుడు పాదం నిటారుగ, కొద్దిగ బయటికి తిప్పి పట్టాలె. అసిస్టెంటు చెయ్యి అలిసి పాదం లోపలికి వాలిందా, ముడి వదులుగనే పడుతది. దాని మీద రెటినాక్యులం అనే పట్టీని గుంజి కుట్టుడే గౌల్డ్ కలిపిన పొర. మొత్తం గంట, గంటన్నర.

ఫిజియో: నరాల సంగతి దాచకండి.

సర్జన్: దాస్తలేను. పాదం పైభాగానికి పోయే నరం కెమెరా రంధ్రం పక్కకెళ్ళే పోతది. అందుకే మత్తుకు ముందే పాదం కిందికి, లోపలికి వంచి చర్మం కింద దాన్ని చూసి పెన్నుతో గీత గీస్తం. అయినా కొందరికి పాదం మీద కొంతమేర మొద్దుబారుతది, నెలలు పడుతది, ఒక్కోసారి పూర్తిగ పోదు. ఇన్‌ఫెక్షన్, కీలు బిగుసుకపోవుడు, పిక్కల రక్తం గడ్డకట్టుడు కూడా ఉన్నయ్. పిక్క వాచి నొప్పి లేస్తే, దమ్ము ఆడకపోతే ఫోన్లు చేసుకుంట కూసోకుండ దవాఖానకు రావాలె. గుట్కా, సిగరెట్ ఉంటే నాలుగు వారాల ముందే బంద్. నికోటిన్ తోటి చర్మానికి రక్తం తగ్గి గాయం మానదు. ముందురోజు రాత్రి తిన్నంక ఘనాహారం వద్దు, మంచినీళ్ళు ఆపరేషన్‌కు రెండు గంటల ముందుదాకా తాగొచ్చు.

ఫిజియో: తర్వాతది నా రాజ్యం. రెండు వారాలు స్లాబ్, అంటే సగం పిండికట్టు, కాలు గుండె కంటె ఎత్తుల పెట్టి పండుకోవాలె. పద్నాలుగో రోజు దగ్గర కుట్లు తీసి బూట్ వేస్తం, బరువు మెల్లమెల్లగ పెంచుకుంట ఆరు వారాలు. ఆ ఆరు వారాలల్ల పాదం లోపలికి తిప్పుడు అసలే వద్దు. ఇక్కడనే మన ఊళ్ళల్ల పని చెడుతది. నొప్పి తగ్గంగనే ఎవరో ఒకరు నూనె రాసి తోముతరు, పాదం లోపలికి తిప్పి "చటుక్కుమంది, సెట్టయింది" అంటరు. చటుక్కుమన్నది మీరు కట్టిన దారం. 12 వారాలకు మెల్లగ ఉరుకుడు, నాలుగు నెలలకు ఒంటరి ప్రాక్టీసు, ఎవరన్న కాలు పట్టేటి కబడ్డీకి ఐదారు నెలలు.

సర్జన్: మరి ఈవెంట్స్? 2022 నోటిఫికేషన్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల ఉరకాలె, లాంగ్ జంప్ 4 మీటర్లు. ఉరుకుడు అయితది. ఇసుకల ఒంటికాలితో ఎగురుడు ఈ కాలుకు ఇప్పుడు భయమే. ఆపరేషన్ చేసి మూడు నెలలకే జంప్ చేపిస్తే ఇంకా భయం.

ఫిజియో: అందుకే ఇప్పుడు చేస్తే వచ్చే నోటిఫికేషన్ నాటికి తయారైతడు అంటున్న. ఆగుకుంట పోతే ఈవెంట్స్‌కు నెల ముందు మళ్ళా మడుగుతది, రెండూ పోతయ్.

సర్జన్: పైసల సంగతి?

ఫిజియో: ఆరోగ్యశ్రీ కార్డుంది. 10 లక్షల లిమిట్ ఉండుడు వేరు, ఈ ఆపరేషన్ ప్యాకేజీల ఉండుడు వేరని వాళ్ళ నాయినకు చెప్పిన. ఆరోగ్యమిత్రను ముందే అడగమన్న. ప్రైవేటుల అయితే యాంకర్ల ధర బిల్లుల వేరేగ పడుతదా, ఎన్ని వాడుతరు అని రాయించుకోమన్న.

సర్జన్: సరే, నేను దిగొస్తున్న. ఇంకో ఆరు వారాలు. బ్రేస్ లేకుండ మైదానం తొక్కొద్దు. పక్కకు, వెనక్కి గెంతుడు వారానికి నాలుగు రోజులు. ఆరో వారం రెండు కాళ్ళకు స్ట్రెస్ ఎక్స్‌రే. తేడా దాటినా, ఈలోపల ఒక్కసారి మడిగినా నేనే టేబుల్ మీద పెట్టుకుంట.

ఫిజియో: పదకొండు నెలల సంది అందరూ ఆ పిల్లగానికి చెప్తున్నది ఇదే డాక్టర్ సాబ్. ఒకరు నెల అన్నరు, ఒకరు చూద్దాం అన్నరు. పుత్తూరు కట్టు వేయించినోళ్ళు పండుగ దాటనీ అన్నరు. ఆరో వారం అంటే ఏ తారీఖు?

సర్జన్: కేలెండర్ చూసి చెప్త.

ఫిజియో: ఇగో, నా గోడ మీదనే ఉంది. చూసి ఆ ఎంఆర్‌ఐ కవరు మీదనే తారీఖు రాయండి, కింద సంతకం పెట్టండి.