హైవే దిగి సైకిలెక్కండి

ఫ్రాన్స్‌లోని మన తెలుగువాళ్ళ సంఘం ప్రతి వేసవిలో వేసే టూర్ల పట్టికలో పారిస్, డిస్నీలాండ్, లూర్ద్, మోన్ సాన్ మిషెల్ తప్పకుండా ఉంటాయి. పొద్దున్నే బస్సెక్కడం, నాలుగైదు గంటలు హైవే మీద పోవడం, దిగి ఫొటోలు తీసుకుని మళ్ళీ బస్సెక్కడం. కొత్తగా వచ్చినవాళ్ళకి అవీ కావాలి, కాదనను. కానీ పదేళ్ళు పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్న కుటుంబాలు కూడా ఫ్రాన్స్ పల్లెటూళ్ళని కారు అద్దంలోంచి తప్ప చూడలేదంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఊళ్ళని కలిపే చిన్న రోడ్ల మీద సైకిల్ తొక్కితేనే ఈ దేశం మనకి పరిచయమవుతుందని నా నమ్మకం. ఏడాదికి ఒక్క సైకిల్ టూరైనా వెయ్యమని కార్యవర్గాన్ని అడగడానికే ఇది రాస్తున్నాను.

రోడ్డు మీదా, అదీ పిల్లలతోనా అని వెంటనే అడుగుతారు. ముందు ఇక్కడి రోడ్ల సంగతి చూడండి. ఫ్రాన్స్‌లో రోడ్లన్నీ కలిపితే 10 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. అందులో ఆటోరూట్లు, అంటే పెద్ద హైవేలు, సుమారు 12 వేల కిలోమీటర్లే. జిల్లాల చేతిలో దాదాపు 3.8 లక్షలు, మన పంచాయతీల్లాంటి కొమ్యూన్ల చేతిలో సుమారు 7 లక్షల కిలోమీటర్లు ఉన్నాయి. ఆ కొమ్యూన్లు 35 వేల దాకా ఉంటాయి. రెండొందల మంది ఉన్న ఊరికి కూడా ఒక మేయరు, ఒక ఆఫీసు, తన రోడ్లు తనే బాగుచేసుకునే బాధ్యత ఉంటాయి. లారీలూ, దూరాభారం పోయే కార్లూ పెద్ద రోడ్లు పట్టుకుని పోతాయి. మిగిలిన ఈ తారురోడ్ల మీద పొద్దుటి పూట పోస్టు వ్యాను, ఒకటో రెండో ట్రాక్టర్లు, బడి బస్సు తిరుగుతాయి. పైగా పల్లెల్లో జనమే తక్కువ. లోట్ జిల్లానే తీసుకుంటే 5,200 చదరపు కిలోమీటర్లలో ఉండేది సుమారు 1.75 లక్షల మంది. అంటే చదరపు కిలోమీటరుకి 34 మంది. 2011 లెక్కల ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ సంఖ్య 300 పైనే.

సైకిళ్ళ కోసం విడిగా వేసిన దారులు ఉన్నాయిగా అంటారు కొందరు. ఉన్నాయి, మంచివే. పాత రైలు పట్టాలు తీసేసి ఆ జాగాలో జివ్రీ నుంచి క్లూనీకి వేసిన దారి 1997లో మొదలైంది. ఇలాంటి దారిని ఇక్కడ వోయ్ వెర్ట్ అంటారు, దేశంలో మొదటిది అదే. లోయార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల దారి ఉంది. మా టులూజ్ వాళ్ళకి కనాల్ ద్యు మిది అనే కాలువ గట్టు ఉండనే ఉంది. నాలుగేళ్ళ పిల్లలతో వెళ్ళాలన్నా, పెద్దయ్యాక సైకిల్ నేర్చుకున్నవాళ్ళకి భయం పోవాలన్నా అవే సరైనవి. కానీ అక్కడితో ఆగిపోవద్దంటాను. కాలువ గట్టు కాలువ ఎటు పోతే అటే పోతుంది, రైలు దారి ఊరి పక్కనుంచి పోతుంది. మామూలు రోడ్డు మాత్రం ఊరి మధ్యలోకి, చర్చి ముందు నుంచి, బేకరీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

నాకు బాగా తెలిసిన దారి ఆ లోట్ జిల్లాలోనే, సెలే నది లోయలోది. ఫిజాక్‌లో రైలు దిగాలి. ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియోఁ పుట్టింది ఆ ఊళ్ళోనే, 1790లో. ఊరు దాటి కాస్త దూరం పోయాక డి41 అనే జిల్లా రోడ్డు అందుకుంటే, సెలే నది పోయి లోట్ నదిలో కలిసే కాండుషే దాకా సుమారు 50 కిలోమీటర్లు నది పక్కనే పోవచ్చు. నది దిగువకి వెళ్తాం కాబట్టి మొత్తమ్మీద పల్లమే, మధ్య మధ్య చిన్న చిన్న ఎక్కుళ్ళు. ఒక పక్క పసుపు తేలిన సున్నపురాయి కొండలు గోడల్లా లేచి ఉంటాయి, రెండో పక్క వాల్‌నట్ చెట్లూ, నదీ. సాన్ సుల్పీస్ అనే ఊళ్ళో ఇళ్ళు కొండ కిందకి చొచ్చుకుపోయి ఉంటాయి. మార్సియాక్‌లో పాడుబడిన పాత మఠం ఉంది. ఒక రాత్రి దార్లోనే ఎక్కడో ఉండి, మర్నాడు కాబ్రెరే దగ్గర రెండు మూడు కిలోమీటర్లు కొండెక్కితే పెష్ మెర్ల్ గుహ. 1922లో బయటపడిన ఈ గుహలో వేల ఏళ్ళనాటి చుక్కల గుర్రాల బొమ్మలున్నాయి. రోజుకి ఇంతమందినే లోపలికి పంపుతారు కాబట్టి టికెట్ ముందే తీసుకోండి.

మా నాన్నగారిని కిందటేడు ఈ దారిలోనే తీసుకెళ్ళాను. ఆయనది ప్రకాశం జిల్లా, పొగాకు రైతు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చుని తిరుగు ప్రయాణం ఎప్పుడా అని చూసేవారు. బ్యాటరీ సైకిల్ అద్దెకి తీసుకుంటే, మొదటి పది నిమిషాలు బ్యాలెన్స్ చూసుకుని, ఆ తర్వాత నాకంటే ముందు పోయారు. ఒక ఊరి చివర రోడ్డు పక్కన, పొడుగ్గా, ఎత్తుగా, నిలువు చెక్కలతో కట్టిన పాత కొట్టం కనబడింది. చెక్కల మధ్య సందులున్నాయి, కొన్ని చెక్కలు తలుపుల్లా తెరుచుకుంటాయి. ఆయన సైకిల్ దిగి దాని చుట్టూ తిరిగారు. "అమ్మాయ్, ఇది పొగాకు కొట్టమే! ఆకుని గాలికి ఆరబెట్టేవాళ్ళు. మన బ్యారన్‌లా కట్టెలు పెట్టి వేడి చెయ్యరు" అన్నారు. ఎదురింట్లోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. అవును, మా అత్తగారివాళ్ళు పొగాకే వేసేవాళ్ళు అంది. ఇక వాళ్ళిద్దరికీ మధ్య నేను దుబాసీని. ఎవరు కొనేవాళ్ళని ఆయన అడిగారు. అంతా ప్రభుత్వమే కొనేదట, ఇన్‌స్పెక్టర్లు వచ్చి పొలంలో మొక్కలు కూడా లెక్కపెట్టేవాళ్ళట. మాకూ పొగాకు బోర్డుంది, లైసెన్సుకి మించి పండిస్తే తంటాలే, వేలంలో రేటు రాకపోతే బేళ్ళు వెనక్కి తెచ్చుకోవాలి అని ఈయన. ఆకు తీసినప్పుడు చేతులకి పట్టే జిగురు ఎంత కడిగినా వదలదని ఆవిడ తన అరచేతులు చూపించింది. నాన్నగారు తనవి చూపించారు. ఆ రోడ్డు మీద బస్సులో వెళ్ళి ఉంటే ఆ కొట్టం మాకు రెండు సెకన్లు కనబడి ఉండేది.

అందుకే అమ్మానాన్నల్ని ఇండియా నుంచి పిలిపించుకునేవాళ్ళకి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. వాళ్ళు సైకిల్ తొక్కి హైస్కూలుకి వెళ్ళిన తరం. పొలం, పశువులు, వాన, ధర అంటే వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. ఈ దేశపు పల్లెల్లో మాట్లాడుకోవడానికి వాళ్ళ దగ్గరే ఎక్కువ విషయం ఉంది.

రోడ్డు ఎంచుకోవడానికి ఫోన్ ఒక్కటే చాలదు. మిషెలిన్ వాళ్ళ జిల్లా మ్యాపు ఒకటి కొనుక్కోండి. సెంటీమీటరుకి ఒకటిన్నర కిలోమీటరు. ఎరుపు గీతలు మనవి కావు. పసుపు రోడ్లలో సన్నవి, తెల్లవి మనవి. పక్కన ఆకుపచ్చ గీత ఉంటే అక్కడ చూడముచ్చటగా ఉంటుందని. రోడ్డు మీద బాణం గుర్తు ఎక్కుడుని చెబుతుంది: ఒక బాణమైతే 5 నుంచి 9 శాతం, రెండైతే 9 నుంచి 13, మూడైతే 13 పైన. మూడు బాణాలుంటే పిల్లలతో వెళ్ళకండి. ఇంకొకటి, పేరులో డి అని ఉన్నంత మాత్రాన ప్రతి రోడ్డూ ఖాళీగా ఉండదు. 2006 ప్రాంతంలో పాత జాతీయ రహదారులు చాలావాటిని జిల్లాలకి అప్పగించినప్పుడు వాటికి కొత్త నంబర్లిచ్చారు. అలా ఎన్20 చాలా చోట్ల డి820 అయింది. లారీలు మాత్రం తగ్గలేదు. నంబర్లు జిల్లాకో రకం కాబట్టి సరిహద్దు దాటాక అదే రోడ్డుకి వేరే నంబరుంటే కంగారు పడకండి.

భయం సంగతి. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు మీటరున్నర దూరం వదలాలి, ఊళ్ళో అయితే మీటరు. అలా వదలడానికి అవసరమైతే మధ్యనున్న తెల్ల గీత దాటడానికి కూడా 2015 నుంచి చట్టం ఒప్పుకుంది. 1985 నాటి బదాంతేర్ చట్టం ప్రకారం సైకిల్ మీదున్నవాళ్ళకి బండి తగిలి దెబ్బ తగిలితే పరిహారం దాదాపు ఎప్పుడూ బండి ఇన్సూరెన్సే ఇవ్వాలి. చట్టం ఉన్నంత మాత్రాన ప్రమాదాలు జరగవని కాదు. కానీ పల్లె రోడ్ల మీద డ్రైవర్లు మలుపులో సైకిల్ వెనక ఓపిగ్గా ఆగడం నేను తరచూ చూస్తుంటాను. మన వైపు నుంచి చెయ్యాల్సినవీ ఉన్నాయి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దలు కూడా పెట్టుకోండి. చీకట్లో ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి. ఊళ్ళలో కుడి పక్క సందులోంచి వచ్చే బండికి దారివ్వాలి, ఇది మనవాళ్ళు చాలామంది మర్చిపోతారు. సెప్టెంబరు తర్వాత ఆదివారాలు అడవి దారుల్లో వేట జరుగుతోందన్న బోర్డు కనబడితే ఆ పక్కకి పోవద్దు. మే, జూన్, సెప్టెంబరు మొదటి వారాలు నా ఓటు. జులై, ఆగస్టు ఎండలు దక్షిణాన మన కోస్తా ఎండల్లాగే కాస్తాయి.

నీళ్ళు ఎక్కడ దొరుకుతాయంటే, శ్మశానంలో. మనవాళ్ళకి మొదట్లో కొంచెం ఇబ్బందిగా అనిపించవచ్చు. ఇక్కడ దాదాపు ప్రతి ఊరి శ్మశానంలోనూ పూలమొక్కలకి నీళ్ళు పోసుకోవడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది, సైకిల్ మీద తిరిగేవాళ్ళందరూ అక్కడే సీసా నింపుకుంటారు. 'నోన్ పోతాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగకండి. తిండికి టైము చూసుకోవాలి. పన్నెండు దాటితే కొట్లు మూసేస్తారు, మళ్ళీ రెండు తర్వాతే. సోమవారం బేకరీ కూడా ఉండకపోవచ్చు. బ్యాగులో పులిహోర ఉంటే ఏ టెన్షనూ లేదు.

సైకిల్ రాదని మన ఆడవాళ్ళు చాలామంది వెనక్కి తగ్గుతారు. పెద్దవాళ్ళకి సైకిల్ నేర్పే వెలో-ఎకోల్‌లు ఇక్కడ చాలా నగరాల్లో ఉన్నాయి. సంఘం ఒక బ్యాచ్‌కి పేర్లు సేకరిస్తే నలుగురితో కలిసి నేర్చుకోవడానికి సిగ్గు పడరు. ఖరీదైన సైకిలూ అక్కర్లేదు. చాలా ప్రాంతాల్లో టీఈఆర్ అనే ప్రాంతీయ రైళ్ళలో సైకిల్‌కి టికెట్ తియ్యనక్కర్లేదు, వేసవిలో కొన్ని లైన్లలో ముందే చోటు బుక్ చేసుకుంటే సరిపోతుంది.

ఇంకో పని కూడా సంఘం చెయ్యొచ్చు. 1891లో సైకిల్ పందెంగా మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు నాలుగేళ్ళకోసారి ఆగస్టులో జరుగుతోంది. గెలుపోటములు లేవు, 1,200 కిలోమీటర్లు 90 గంటల్లోపు పూర్తి చెయ్యాలి. పోయినసార్లు భారత్ నుంచి వందలమంది వచ్చారు, వాళ్ళలో హైదరాబాద్‌లో బ్రెవే అనే అర్హత సవారీల్లో 200, 300, 400, 600 కిలోమీటర్లు తొక్కి అర్హత తెచ్చుకున్న మనవాళ్ళూ ఉన్నారు. దారి పొడుగునా పల్లెవాళ్ళు రాత్రీ పగలూ ఇంటిముందు బల్లలేసి కాఫీ, క్రేపులు, నీళ్ళు ఇస్తారు, చాలామంది డబ్బులు తీసుకోరు. తర్వాతిది 2027 ఆగస్టులో. బ్రెస్ట్ ఉన్న బ్రిటనీ వైపు ఉన్న మన కుటుంబాలు ఒక ఊరి మేయరు ఆఫీసుతో ముందుగా మాట్లాడి ఒక బల్ల మనమూ వేద్దాం. దారిన పోయే ఏ దేశం మనిషికైనా నిమ్మకాయ పులిహోర, మజ్జిగ, అర్ధరాత్రి అయితే వేడి అల్లం టీ. దానికి ముందు, వచ్చే మే నెలలో సెలే లోయకి మొదటి టూరు వేద్దాం. పన్నెండు మందికి మించకుండా వెళ్దాం, దారి నేను చూపిస్తాను. వచ్చేవాళ్ళు ఫిబ్రవరిలోపు కార్యవర్గానికి పేర్లివ్వండి, అద్దె సైకిళ్ళు అప్పుడే చెప్పి ఉంచాలి.