నొక్కడం నామోషీ

కీబోర్డు మీద బటన్ నొక్కడం మోటు పని అని కంప్యూటర్ పరిశ్రమ పెద్దలు తేల్చేశారు. ఇకమీదట తాకాలి, నిమరాలి, మహా అయితే వేలిని అలా సుతారంగా జరపాలి. లోకమంతా ఇంత సుకుమారంగా తయారవుతుంటే గోదావరి డెల్టా వాళ్ళం మాత్రం టపటపా బటన్లు బాదుకుంటూ కూర్చుంటే పరువు దక్కదు. అందుచేత టచ్ పట్టీలున్న చిన్న కీబోర్డులను మన జిల్లాల్లో వెంటనే ప్రవేశపెట్టాలని సవినయంగా కోరుతున్నాను.

పూర్వకథ కొంచెం చెప్పాలి. మామూలు పెద్ద కీబోర్డుకు 104 కీలు. బల్ల మీద చోటు చాలడం లేదని ముందు కుడిపక్క అంకెలు కోసేశారు. తర్వాత బాణాలు పోయాయి, పై వరసలో ఎఫ్ కీలు పోయాయి. చివరికి అరవై చిల్లర మిగిలాయి. దీనికి అరవై శాతం కీబోర్డు అని పేరు. ధర దగ్గర ఆ శాతం వర్తించదు, అది వేరే శాఖ చూసుకుంటుంది. పోయిన కీలు పూర్తిగా పోలేదు, ఎఫ్ఎన్ బటన్ పట్టుకుని ఇంకో కీ నొక్కితే పలుకుతాయి. సౌండు తగ్గించడానికి కూడా ఇంత తతంగమా అని జనం విసుక్కున్నారు. అప్పుడు పెద్దలకు తట్టింది. కీలకు చోటు లేదు గానీ అంచులు ఖాళీగానే ఉన్నాయి కదా, అక్కడో టచ్ పట్టీ పెడితే? సొంత పొలం అమ్మేసి, అదే పొలాన్ని మక్తాకి చేసుకోవడం లాంటి ఏర్పాటు. దీన్ని ఆవిష్కరణ అంటున్నారు కాబట్టి మనమూ అందాం.

జపాన్ వాళ్ళ హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు 1996 నుంచీ ఉంది. చిన్న కీబోర్డుల వంశంలో మహా నిష్ఠాపరుల ఇల్లు అది. ఆ ఇంట్లో కూడా 2023లో స్టూడియో అనే మోడల్ పుట్టింది. రెండు పక్కలా రెండు, ముందు అంచున రెండు, మొత్తం నాలుగు టచ్ పట్టీలు. అంతటివాళ్ళే ఒప్పుకున్నాక ఇక మనమెంత?

ఇది పనిచేసే తీరు తెలిస్తే మన ప్రాంతానికి ఎంత తగినదో అర్థమవుతుంది. పట్టీ కింద సన్నని రాగి రేకు ఉంటుంది. వేలు దగ్గరికొస్తే దాని కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే గుణం, రవ్వంత మారుతుంది. లోపలి చిప్ మామూలుగా ఎంత ఉండాలో ఒక లెక్క పెట్టుకుని, దాన్ని దాటితే వేలు తగిలిందని అనుకుంటుంది. తడి తగిలినా, చెమట పట్టినా, నాసిరకం అడాప్టర్ నుంచి కరెంటు గజిబిజిగా వచ్చినా ఆ లెక్క తప్పుతుంది. ఇప్పుడు మే నెల ఉక్కపోతలో, ఇన్వర్టర్ మీద నడిచే ఒక అమలాపురం డీటీపీ షాపుని తలుచుకోండి. తడి, చెమట, గజిబిజి కరెంటు, మూడూ ఉచితం. పట్టీకి అక్కడ క్షణం తీరిక ఉండదు.

ఆ షాపులో ఆపరేటర్ కుర్రాడు అనూ ఫాంట్లలో శుభలేఖ కొడుతుంటాడు. కీల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఎంటర్ కీ నడుమ బొటనవేలంత మేర నున్నగా మెరుస్తుంటుంది. కుర్రాడు కీబోర్డు వంక చూడనే చూడడు. చూపుడువేళ్ళు ఆనే రెండు కీల మీద చిన్న గీతలు పొడుచుకొచ్చి ఉంటాయి, వాటిని పట్టుకుని మిగతా వేళ్ళు దారి చూసుకుంటాయి. కళ్ళేమో పెళ్ళికూతురి తండ్రి రాసిచ్చిన కాగితం మీద.

“బాబూ, మా బావగారి పేరు ముందు కీర్తిశేషులు అని పడిందేంటి? ఆయన బయట బండి మీద కూర్చుని ఉన్నారు!”

“ఆయ్, తీసేశానండి.”

ఆయన వాక్యం ముగించేలోపే బావగారు బతికారు. ఇదే టచ్ పట్టీ ఉంటే? చేసిన మార్పు వెనక్కి తీసుకోవడానికి ఎడమకు, తీసేసింది మళ్ళీ పెట్టడానికి కుడికి నిమరాలనుకుందాం. కుర్రాడు చెమట చేత్తో ఎడమకు నిమిరితే బావగారు లేస్తారు, మణికట్టు తగిలి కుడికి జరిగితే మళ్ళీ కీర్తిశేషులవుతారు. ఒక పెద్దమనిషికి ఒక్క పూటలో ఇన్ని పునర్జన్మలు ఇవ్వగల కీబోర్డు ఇంతకుముందు ఉందా?

డీటీపీతో ఆగడం అన్యాయం. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ స్టార్టర్ డబ్బాకి ఇప్పటికీ ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రైతు నిద్రకళ్ళతో, తడి చేత్తో, చీకట్లో పచ్చది ఠక్కున నొక్కేస్తాడు. ఎంత నాటు పద్ధతి! అక్కడా టచ్ పట్టీ పెట్టాలి. చేయి తుడుచుకుని, సెల్లు లైటు వేసి, ఎక్కడ తాకాలో చూసి, రెండుసార్లు నిమిరేసరికి రొయ్యల సంగతి అవే చూసుకుంటాయి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ఒకే ఒక స్లైడర్ పెడితే ఎంత ముచ్చటగా ఉంటుందో లంక గ్రామాల వాళ్ళని అడగాలి.

గిట్టనివాళ్ళు కొన్ని పాత ఉదంతాలు తవ్వుతారు. లెనోవో 2014లో ఎక్స్1 కార్బన్ ల్యాప్‌టాప్‌కి ఎఫ్ కీల బదులు టచ్ పట్టీ పెట్టి మరుసటి ఏడాదే పీకేసింది. యాపిల్ 2016లో టచ్ బార్ తెచ్చి ఎస్కేప్ కీని కూడా అందులో కలిపేసింది. 2019లో ఎస్కేప్ తిరిగొచ్చింది, 2021లో కొత్త మోడళ్ళ నుంచి బార్ పోయింది, 2023లో ఆఖరిదీ వెళ్ళిపోయింది. అవన్నీ ఓపిక లేని కంపెనీలు. మనకి ఓపిక దండిగా ఉంది, లేకపోతే ఈ రోడ్ల మీద రావులపాలెం దాకా వెళ్ళొస్తామా?

అమెరికా నౌకాదళం కథ మాత్రం వెటకారానికి లొంగదు. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెక్‌కెయిన్ అనే యుద్ధనౌక ఆయిల్ ట్యాంకర్‌ని గుద్దుకుని పదిమంది నావికులు పోయారు. టచ్ స్క్రీన్ మీద నౌకను నడిపే ఏర్పాటులో వచ్చిన గందరగోళాన్ని దర్యాప్తు ఎత్తిచూపింది. ఆ తర్వాత నౌకాదళం చేత్తో పట్టుకుని తోసే పాత రకం లీవర్లకే మొగ్గింది. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి హారన్, వైపర్, ఇండికేటర్ల లాంటి వాటికి అసలు బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పకుండా చేతికి దొరకాలట. శుభలేఖ కుర్రాడిని అడిగితే ఈ ముక్క ఇంకా ముందే చెప్పేవాడు.

కనుక కంపెనీల వారికి నా విన్నపం ఒక్కటే. టచ్ పట్టీలు ఎన్నయినా పెట్టండి, పక్కల పెట్టండి, ముందు పెట్టండి, కావాలంటే అడుగున కూడా పెట్టండి. వాటన్నిటినీ ఒకేసారి ఆపేయడానికి మాత్రం ఒక స్విచ్ ఇవ్వండి. అది నొక్కేదై ఉండాలండీ, ఆయ్.