పాఠం పట్టాదారుకి, నష్టం కౌలుదారుకి

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలకొరిగింది, కోసిన పనలు నీళ్లలో నానాయి. డెల్టాలో ఆ పంట మీద పెట్టుబడి చాలాచోట్ల కౌలు రైతుది. తుఫాను వచ్చిందని కౌలు బస్తాలు తగ్గించే యజమానులు ఎంతమంది ఉంటారో ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం మీద మన దగ్గర పరిశోధనకు కొదవలేదు. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) ఆధ్వర్యంలో, మారే వాతావరణానికి తగ్గ సేద్యం కోసం పెట్టిన నిక్రా పథకం 2011 నుంచి నడుస్తోంది. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం వేరుశనగలో కే-6 లాంటి రకాలిచ్చింది. ఇవన్నీ తెలిసినవే. నాకు పేచీ వచ్చేది ప్రదర్శన క్షేత్రం దగ్గర, అంటే కొత్త పద్ధతిని రైతులకు చేసి చూపించే పొలం దగ్గర. దాన్ని ఎవరి పొలంలో పెడతారు? రోడ్డు పక్కన, బోరున్న, పాస్‌బుక్కున్న ‘అభ్యుదయ రైతు’ పొలంలో. ఫొటో కూడా అక్కడే బాగా వస్తుంది.

పాఠం వేరేలా కూడా చెప్పొచ్చని మనమే ఒకసారి చూపించాం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో 2003 తర్వాత అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూసి రాసుకున్నారు. రబీకి ముందు కూర్చుని భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క కట్టారు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞ వేయలేదు. లెక్క కళ్లెదుట కనబడ్డాక చాలామంది తామే తగ్గించుకున్నారు. (అక్కడ కూడా బోరు లేనివాడి మాట ఎంత వినబడిందన్న అనుమానం నాకుంది.) జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు ఇంకో అడుగు ముందుకేశారు. భూమి కౌలుకు తీసుకుని కలిసి సేద్యం చేశారు, ఒకే చెలకలో పదిరకాలకు పైగా పంటలు కలిపి వేశారు, విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు. అక్కడ పంతులమ్మలు వాళ్లే. వినడానికి వెళ్లింది చదువుకున్నవాళ్లు.

కౌలు నోటిమాట ఒప్పందం, మనిషి ఏడాదికోసారి మారతాడు, అలాంటి పొలంలో మూడేళ్ల ప్రయోగం ఎలా చేస్తామని శాస్త్రవేత్తలు అడుగుతారు. ఇబ్బంది నిజమే. కానీ ఏటా మారిపోయే ఆ మనిషికి ఏ సలహా పనికొస్తుందో ఇన్నేళ్లుగా తేలకపోవడానికీ కారణం అదే.

అసలు తట్టుకునే సేద్యం అంటే ఏమిటి? చెరువు మట్టి తోలడం, పశువుల ఎరువు వేయడం, గట్ల మీద చెట్లు పెంచడం, నీటికుంట తవ్వడం. ఒక్కటీ ఒక్క ఏడాదిలో పూర్తి ఫలితమిచ్చేది కాదు. వచ్చే ఏడాది ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ట్రాక్టరు మట్టికి డబ్బులెందుకు పెడతాడు? పెట్టి నేల బాగుచేస్తే ఏమవుతుంది? కౌలు పెరుగుతుంది, లేదా యజమాని తానే చేసుకుంటానంటాడు. ప్రకృతి సేద్యం శిక్షణల్లో ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లంతో చేసే ఎరువు) కొలతలు చెబుతారు కానీ ఈ లెక్క చెప్పరు. కౌలు రైతు యూరియా బస్తానే నమ్ముకుంటే అది అజ్ఞానం కాదు, ఆరు నెలల ఒప్పందానికి ఆరు నెలల తెలివి.

అందుకే ఈ గొడవ వాతావరణ శాస్త్రం దగ్గర కన్నా రెవెన్యూ ఆఫీసు దగ్గర తేలాలంటాను. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇచ్చింది, యజమాని సంతకం తప్పనిసరి చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం దాని స్థానంలోకొచ్చి 11 నెలల సాగు హక్కు కార్డు తెచ్చింది, సంతకం కావాలంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు అసలు కౌలుదారుని లెక్కలోకే తీసుకోలేదు. భూమి పోతుందన్న భయంతో యజమాని సంతకం పెట్టడు, సంతకం లేక కార్డు రాదు, కార్డు లేక బ్యాంకు అప్పు పుట్టదు. పంట పోతే పరిహారం కూడా చాలాసార్లు పట్టాదారు ఖాతాలోనే పడుతుంది.

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో విద్యార్థులు రావెప్ (పల్లెలో ఉండి సేద్యం అనుభవం నేర్చుకునే కార్యక్రమం) కింద పల్లెలకు వెళ్తారు. ఈసారి వాళ్లను ఒక సీజనంతా కౌలు రైతు వెంట తిప్పండి. విత్తనాల క్యూలో నిలబెట్టండి, బ్యాంకు మేనేజరు ముందు కూర్చోబెట్టండి. యజమాని సంతకం కోసం ఆయన హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్‌కి పంపండి, డాలస్‌లో ఉంటే ఫోన్ ఎత్తేదాకా ఫోన్ చేయించండి. మార్కులు దానికి వేయండి.