ఆ ఘనత ఎవరి ఖాతాలో వేయాలి? యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వారసత్వంపై కొన్ని ఆలోచనలు

అమెరికాలో ప్రగతిశీల ప్రొటెస్టెంట్ చర్చి అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ ఒకటి. పొట్టిగా యూసీసీ. ఆ చర్చి వాళ్లు తమ గురించి చెప్పుకోవడం మొదలుపెడితే ఒక జాబితా బయటికి తీస్తారు. 1785లోనే నల్లజాతి మనిషిని మొదటిసారి పాస్టర్‌గా అభిషేకించింది మేమే, 1853లో మహిళను అభిషేకించింది మేమే, 1972లో తాను గే అని దాచకుండా చెప్పుకున్న మనిషిని అభిషేకించిందీ మేమే అంటారు. మంచి జాబితానే, అబద్ధాలేమీ లేవు. కాకపోతే 1957లో పుట్టిన చర్చి 1785 నాటి పనిని తన ఖాతాలో వేసుకుంటుంటే, ఇంతకీ ఆ "మేం" ఎవరు అని అడగాలనిపిస్తుంది.

1957 జూన్ 25న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో రెండు చర్చిలు కలిసి యూసీసీ అయ్యాయి. ఒకటి కాంగ్రిగేషనల్ క్రిస్టియన్ చర్చిలు, 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లాండు నుంచి వలస వచ్చిన పిల్‌గ్రిమ్‌ల దాకా మూలాలున్నవి. రెండోది ఇవాంజెలికల్ అండ్ రిఫార్మ్‌డ్ చర్చి, జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లది. రైన్‌హోల్డ్ నీబర్ లాంటి వేదాంతి ఈ జర్మన్ వైపు నుంచి వచ్చినవాడే. ఈ రెండూ అప్పటికే అంతకుముందు జరిగిన విలీనాల ఫలితాలు, 1931లో ఒకటి, 1934లో ఒకటి. అంటే ఇది నాలుగు పాయలు కలిసిన చర్చి. ఈ కలయికా సాఫీగా సాగలేదు. మా సంఘం స్వేచ్ఛ పోతుందని కొందరు కోర్టుకెక్కారు, విలీనం ఏళ్ల తరబడి ఆగింది, చివరికి కొన్ని కాంగ్రిగేషనల్ సంఘాలు మాకొద్దు బాబూ అని వేరే కూటమి పెట్టుకున్నాయి.

వాళ్లు అంతగా భయపడింది దేనికో తెలిస్తే ఈ చర్చి సగం అర్థమైనట్టే. కాంగ్రిగేషనల్ పద్ధతిలో పైన బిషప్ ఉండడు. పాస్టర్‌ను పిలుచుకునేదీ పంపేదీ స్థానిక సంఘమే, భవనం దానిదే, ఆరాధన ఎలా జరగాలో తేల్చుకునేదీ అదే. ఇరుగుపొరుగు సంఘాలతో దానికి ఉండేది అధికార సంబంధం కాదు, నిబంధన సంబంధం. దేవుని ఎదుట ఒకరికొకరం జవాబుదారీగా ఉంటామని ఇచ్చుకునే మాట అది. యూసీసీ కూడా ఇదే పద్ధతిని ఉంచుకుంది. సర్వసభ, అంటే చర్చి మొత్తం ప్రతినిధుల సభ, తీర్మానాలు చేస్తుంది, కానీ అవి సంఘాలకు చెప్పే మాటలే తప్ప సంఘాల తరఫున చెప్పే మాటలు కావు, ఏ సంఘాన్నీ కట్టిపడేయవు.

ఇప్పుడు ఆ జాబితాను మళ్లీ చూద్దాం. లెమ్యుయెల్ హేన్స్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన మనిషి. 1785లో కనెక్టికట్‌లో అభిషేకం పొంది, తర్వాత వెర్మాంట్‌లోని రట్‌లాండ్‌లో తెల్లవాళ్ల సంఘానికి ముప్ఫై ఏళ్లు కాపరిగా ఉన్నాడు. దేశంలో బానిసత్వం చట్టబద్ధంగా నడుస్తున్న రోజుల్లో ఇది సాధ్యమైందంటే పైనున్న ఏ మహాసభో ధైర్యం చేసినందుకు కాదు. ఆ పక్కనున్న కొందరు ఒప్పుకున్నారు, ఆపడానికి పైన ఎవరూ లేరు, అంతే.

ఆంట్వనెట్ బ్రౌన్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఓబర్లిన్ కాలేజీలో వేదాంతం చదువు ముగించినా ఆమెకు అప్పట్లో డిగ్రీ ఇవ్వలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో సౌత్ బట్లర్ అనే పల్లె సంఘం మాత్రం నువ్వే మా పాస్టర్‌వి అంది. 1853 సెప్టెంబర్‌లో అభిషేకం జరిగితే ఆ రోజు ప్రసంగం చేసింది వెస్లియన్ మెథడిస్టు పాస్టర్, సొంత చర్చి శాఖ పెద్దమనిషి కూడా కాదు. ఏడాది తిరక్కుండానే ఆమె ఆ పదవి వదిలేసింది, తర్వాత త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్‌ల వైపు వెళ్లిపోయింది. ఆమె చూపిన దారిలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో నడవడానికి దాదాపు శతాబ్దం పట్టింది. (1920లో మహిళలకు ఓటు హక్కు వచ్చాక, తొంభై అయిదేళ్ల వయసులో వెళ్లి ఓటేసింది ఆ పెద్దావిడ. ఆ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను.)

1972లో కాలిఫోర్నియాలోని శాన్ కార్లోస్‌లో జరిగిన విలియం జాన్సన్ అభిషేకమూ ఈ తరహాదే. స్థానిక సంఘాల అసోసియేషన్ ఓటేసి ఆయన్ను అభిషేకించింది, కానీ ఆ తర్వాత ఏ సంఘమూ తన కాపరిగా రమ్మని ఆయన్ను పిలవలేదు. ఒక చోట తెరిచిన తలుపును పక్క సంఘం తెరవాలన్న రూలేమీ లేదు మరి. ఏ స్వేచ్ఛ వల్ల ఒకళ్లు ముందుకు దూకగలిగారో ఆ స్వేచ్ఛతోనే మిగతావాళ్లు కదలకుండా కూర్చోగలిగారు.

ఇంకో విషయం, ఇది యూసీసీ అభిమానులకు అంతగా రుచించదు. ఈ వారసత్వాన్ని స్వేచ్ఛా వారసత్వంగా చెప్పేటప్పుడు మధ్యలో దాదాపు రెండు వందల ఏళ్లను గబగబా దాటేస్తుంటారు. ఇంగ్లాండులో హింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన ఈ కాంగ్రిగేషనల్ పూర్వీకులు మసాచుసెట్స్‌లో తమ చర్చినే ప్రభుత్వ చర్చిగా చేసుకున్నారు. తమతో విభేదించిన రోజర్ విలియమ్స్‌ను వెళ్లగొట్టారు, ఆన్ హచిన్‌సన్‌ను వెళ్లగొట్టారు, క్వేకర్ అనే మరో క్రైస్తవ శాఖకు చెందిన మేరీ డయర్‌ను 1660లో బోస్టన్‌లో ఉరితీశారు. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న ముద్రవేసి పంతొమ్మిది మందిని ఉరికంబం ఎక్కించారు. పన్ను డబ్బుతో నడిచే ప్రభుత్వ చర్చి హోదా కనెక్టికట్‌లో 1818 దాకా, మసాచుసెట్స్‌లో 1833 దాకా వాళ్లు వదల్లేదు. నన్నడిగితే, వీళ్ల చర్చి మెత్తబడటానికి అధికారం చేజారడమే ఒక పెద్ద కారణం.

అయితే ఆ చీకటి రోజుల్లోనే ఈ సంప్రదాయం బలం కనిపించే మనిషి కూడా ఒకడున్నాడు. సామ్యుయెల్ సూవల్ సేలం విచారణల్లో కూర్చున్న న్యాయమూర్తుల్లో ఒకడు. అయిదేళ్ల తర్వాత, 1697 జనవరిలో, బోస్టన్‌లోని తన సంఘంలో అందరి ముందూ లేచి నిలబడ్డాడు. ఆ నేరం, ఆ అవమానం నావి అని తను రాసిచ్చిన చీటీని పాస్టర్ చదువుతుంటే అలాగే నిలబడి విన్నాడు. ఆ న్యాయమూర్తుల్లో బహిరంగంగా తప్పు ఒప్పుకున్నది ఆయనొక్కడే. మూడేళ్లకు, 1700లో, మనుషుల్ని కొనడం అమ్మడం పాపమని ఒక కరపత్రం అచ్చువేయించాడు. న్యూ ఇంగ్లాండ్‌లో అచ్చయిన బానిసత్వ వ్యతిరేక రచనల్లో అది మొదటిదని చెబుతారు. ఆయన నిలబడిన ఆ సంఘం ఓల్డ్ సౌత్ చర్చి, ఇవాళ యూసీసీలోనే ఉంది. జాబితాలో "మొదటిసారి" అన్న మాట పక్కన ఇలాంటి ఒప్పుకోలుకు ఎక్కువ చోటిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

చోటివ్వలేదనలేం. 1820లో హవాయి చేరిన మిషనరీలను పంపింది కాంగ్రిగేషనల్ వాళ్లే. 1893లో హవాయి రాణి లిలియువొకలానిని గద్దె దించిన కుట్రలో మిషనరీల పిల్లలు, మనవలు చేతులు కలిపారు. సరిగ్గా వందేళ్లకు, 1993 జనవరిలో, యూసీసీ అధ్యక్షుడు హొనొలులు వెళ్లి హవాయి ప్రజలను క్షమాపణ అడిగాడు. అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం వచ్చింది ఆ తర్వాతే, అదే ఏడాది చివర్లో.

బానిసత్వం విషయంలోనూ పెద్ద సంస్థ వెనకాడితే చిన్న గుంపు ముందుకెళ్లడం కనిపిస్తుంది. 1839లో తమను బానిసలుగా తీసుకెళ్తున్న అమిస్టాడ్ ఓడలో తిరగబడిన ఆఫ్రికన్లను కనెక్టికట్‌లో జైల్లో పెడితే, వాళ్ల తరఫున లాయర్లను పెట్టి, 1841లో సుప్రీంకోర్టు విడుదల చేశాక తిండీ నీడా ఇచ్చి స్వదేశానికి పంపినవాళ్లలో అక్కడి కాంగ్రిగేషనల్ సంఘాల వాళ్లు చాలామంది. బానిసత్వాన్ని గట్టిగా ఖండించడానికి పాత మిషనరీ బోర్డు జంకింది. దాంతో 1846లో అమెరికన్ మిషనరీ అసోసియేషన్ విడిగా పుట్టింది. ఫిస్క్, టాలడేగా, టూగలూ లాంటి నల్లజాతి విద్యాసంస్థల వెనక ఉన్నది అదే.

మరి కేంద్ర కార్యాలయం ఏమీ చేయలేదా అంటే, చేసింది. మిసిసిపీలోని జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ టీవీ స్టేషన్ పౌరహక్కుల వార్తలను తొక్కిపెడుతోందని యూసీసీ తరఫున ఎవరెట్ పార్కర్ పోరాడాడు. ప్రేక్షకులకు కూడా లైసెన్సుల విషయంలో వాదించే హక్కుందని 1966లో అప్పీలు కోర్టు చెప్పింది. 1987లో యూసీసీ జాతి న్యాయ కమిషన్ విడుదల చేసిన నివేదిక, విషపూరిత వ్యర్థాల డంపులు ఎక్కువగా నల్లజాతి, ఇతర మైనారిటీ బస్తీల దగ్గరే ఉంటున్నాయని లెక్కలతో చూపించింది. పర్యావరణ న్యాయం గురించి ఇవాళ మాట్లాడేవాళ్లంతా ఏదో ఒక దశలో ఆ నివేదిక దగ్గరికి వెళ్లాల్సిందే. ఇవి నిజంగా కేంద్రం చేసిన పనులు, వీటిని "మేం" అని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

నమ్మకాల సంగతికి వస్తే, ఏదైనా నమ్ముకోవచ్చనే చర్చి అని విమర్శకులు ఎగతాళి చేస్తుంటారు. అంత తేలికేం కాదు. చర్చికి ఏకైక శిరస్సు క్రీస్తే అని వాళ్ల రాజ్యాంగం పీఠికలోనే ఉంది, ప్రాచీన విశ్వాస ప్రమాణాలను అది తమవిగానే చెప్పుకుంటుంది. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, ఈ రెండే సంస్కారాలు. 1959లో సొంత విశ్వాస ప్రకటన కూడా రాసుకున్నారు. తేడా ఎక్కడంటే, వీటిని సాక్ష్యాలుగా చూస్తారు, సభ్యత్వానికి పరీక్షలుగా పెట్టరు. ప్రయాణమయ్యే పిల్‌గ్రిమ్‌లకు పాస్టర్ జాన్ రాబిన్సన్ చెప్పినట్టుగా ఒక మాట ప్రచారంలో ఉంది, దేవుడు తన వాక్యం నుంచి ఇంకా వెలుగు ఇవ్వబోతున్నాడని. 2004లో "దేవుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు" అని టీవీ ప్రకటనలు వేసినప్పుడు యూసీసీ తీసుకున్నది ఆ దారే. చర్చి గుమ్మం దగ్గర బౌన్సర్లు కొందర్ని ఆపేస్తున్నట్టు చూపిన ఆ ప్రకటనను వేయడానికి సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలు ఒప్పుకోలేదు, దాంతో రావాల్సిన దానికంటే ఎక్కువ ప్రచారమే వచ్చింది. రాబిన్సన్ మనసులో గే వివాహాలున్నాయని ఎవరూ అనలేరు. కానీ మతసంస్కర్తలైన లూథర్ దగ్గరో కాల్విన్ దగ్గరో ఆగిపోవద్దన్న మనిషి తర్వాతి వాళ్లకు హద్దులు గీసి పెట్టాడని కూడా అనలేం. ఈ పద్ధతిలో నిజమైన ఇబ్బంది ఇంకోటి ఉంది. కొత్తగా వచ్చినవాడు మీరు నమ్మేదేమిటని అడిగితే సూటిగా ఒక్క ముక్కలో జవాబు దొరకదు. నాలుగు వారాలు కూర్చుని చూడమంటారు.

2005 జులై 4న అట్లాంటాలో సర్వసభ స్వలింగ వివాహాలకు సమాన హక్కును సమర్థించింది. కొన్ని సంఘాలు భవనాలతో సహా వెళ్లిపోయాయి, 2006లో ప్యూర్టో రికో చర్చి మొత్తంగా వెళ్లిపోయింది. ఆపే అధికారం ఎవరికీ లేదు. 1960ల్లో 20 లక్షలు దాటిన సభ్యత్వం ఇప్పుడు 10 లక్షలకు బాగా దిగువన ఉంది. ఉదారవాదం వల్లే ఖాళీ అయిందని సంప్రదాయవాదులు అంటారు గానీ, 2006 నుంచి సంప్రదాయవాదులైన సదరన్ బాప్టిస్టుల సభ్యత్వం కూడా ఏటేటా తగ్గుతూనే ఉంది, దానికేం చెబుతారు? నాకు టెన్షన్ అనిపించేది అంకెల గురించి కాదు, తగ్గుతున్నది ఎక్కడ అన్నదాని గురించి. ముందుగా మూతపడేవి సౌత్ బట్లర్ లాంటి పల్లె సంఘాలే, పాస్టర్‌కు జీతం ఇవ్వలేనివి. క్లీవ్‌లాండ్‌లోని కార్యాలయం ఎన్ని తీర్మానాలైనా రాయగలదు, కానీ ఎవరూ పిలవని మనిషిని కాపరిగా పిలిచే అధికారం దానికి లేదు. ఆ పని చేయాల్సిన సంఘాలే ఏటా కొన్ని తగ్గిపోతున్నాయి.